మసికాగితం మీద నాడి

ఆ ఆసుపత్రిలో కత్తి పెట్టేముందు గీత చూడాలి. అది పెద్ద డాక్టరుగారి నియమం. రోగి మణికట్టుకు స్ఫిగ్మోగ్రాఫ్ అనే చిన్న ఇత్తడి పరికరాన్ని పట్టీతో కడతారు. నాడి కొట్టుకున్నప్పుడల్లా దాని బొడిపె లేస్తుంది, బొడిపెతోపాటు ఒక సన్నటి పుల్ల లేస్తుంది, పుల్ల మొన మసి పట్టించిన కాగితం మీద తెల్లటి గీత గీస్తుంది. గీత నిటారుగా లేచి దిగితే రోగి మత్తుమందుకు తట్టుకుంటాడని లెక్క. చచ్చిన పాములా పడి ఉంటే కత్తి ముట్టరు. ఆ పేరుకు ఎవరికీ నోరు తిరగక వార్డంతా దాన్ని గీతల పెట్టె అనేది, దాన్ని నడిపేవాణ్ణి గీతలాయన అనేది.

ఆ రోజు మంచం మీద ఉన్నది గీతలాయన భార్య. పొట్టలో చీముగడ్డ.

"ఇవాళ కోయకపోతే లోపలే పగులుతుంది. గీత బాగుంటే కోస్తాను, తీసుకురా," అన్నారు డాక్టరుగారు.

జ్వరంతో ఆమె చెయ్యి ఎండుకొమ్మలా అయిపోయింది. పట్టీని చివరి బెజ్జానికి బిగించినా వదులుగానే ఉంది. మొదటి కాగితం మీద గీత లేవలేదు. రెండోదాని మీదా అంతే.

"ఏం మరిదీ, ఊరందరి చేతులమీదా ఆడే నీ పెట్టె పెళ్లాం దగ్గరే మొరాయిస్తోందే?" అంది మంచం పక్కన కూర్చున్న వదిన, అతని భార్యకు అక్క. భయం వేసినప్పుడే ఆవిడకు వెటకారం ఎక్కువవుతుంది.

"పట్టీ వదులు, వదినా. దీని తప్పు కాదు."

మరో కాగితం పెట్టి, ఈసారి పరికరాన్ని బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. పుల్ల లేచింది. మళ్లీ లేచింది. గీత వరసగా కొండలు కట్టుకుంటూ పోయింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. మసి చెదరకుండా కాగితాన్ని లక్కనీళ్లలో ముంచి, తడి ఆరకముందే డాక్టరుగారి గదికి పరుగెత్తాడు.

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. "బాగుందే! మీ ఆవిడ నేననుకున్నదానికంటే గట్టిది. బల్ల సిద్ధం చేయించు."

వరండాలో చేతి మసి తుడుచుకుంటుండగా వేలి కొసలో ఏదో టపటపలాడినట్టయింది. అతను నిలబడిపోయాడు. బొటనవేలికి దాని నాడి దానికుంటుంది. దాంతో అదిమితే పెట్టె గీసేది మన గీతే. పనిలో చేరిన ప్రతివాడికీ అతను ముందుగా చెప్పే మాట అది.

డాక్టరుగారు మెచ్చుకున్నది అతని గుండెను.

చెబితే కోయరు, గడ్డ పగులుతుంది. చెప్పకపోతే అతని బలం చూసి ఆమెకు మత్తు పోస్తారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అని ఎన్నోసార్లు మాటవరసకు అన్నాడు. ఆ రెంటి మధ్య నిలబడే చోటు ఇంత ఇరుకని ఎప్పుడూ అనుకోలేదు. మంచం చక్రాల చప్పుడు వినిపించింది. అతను వెనక్కి వెళ్లి చెప్పేశాడు.

డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. తనే వచ్చి, పట్టీ కింద గుడ్డ మడతపెట్టి పరికరం కట్టారు. ఆ గుడ్డమడత తనకెందుకు తోచలేదా అని అతను అలాగే చూస్తూ ఉండిపోయాడు. గీత నీళ్ల మీద దోమ వాలినంత కదిలింది.

"మత్తిస్తే బల్ల మీదే పోతుంది. నేను కోయలేను."

భార్య కళ్లు తెరిచింది. జరిగింది అక్క చెప్పింది. ఆమె భర్త వంక చూసింది.

"పక్కింటావిడ తన కూర ఎలా ఉందంటే ఏనాడూ నిజం చెప్పలేదు మీరు. చెప్పడానికి నా పొట్టే దొరికిందా?"

ఆమె డాక్టరుగారి వైపు తిరిగింది.

"డాక్టరుగారూ, కోయకపోతే బతుకుతానా?"

"లేదమ్మా."

"కోస్తే?"

"నూటికో కోటికో."

"ఆ కోటికొకటి నాకెందుకివ్వరు? మీ చేతుల మీద పోతానని భయమా? లేకపోతే ఈయన చేతుల మీద పోతాను. ఆ చేతులు చూడండి, ఇంకా మసి కూడా వదల్లేదు."

వదిన మొహం గోడవైపు తిప్పుకుంది. డాక్టరుగారు ఆమె చేతి పట్టీ విప్పుతూ, "మత్తు కొంచెమే ఇస్తాను. నొప్పి తెలుస్తుంది," అన్నారు.

"తెలియనివ్వండి. తిడతాను. ఎవరూ మనసులో పెట్టుకోకండి."

బల్ల దగ్గర పెట్టెకు చోటు లేదు. "నాడి నువ్వు పట్టుకో. నేను అడిగినప్పుడల్లా చెప్పు. ఉన్నదే చెప్పు," అన్నారు డాక్టరుగారు. అతను ఆమె మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించాడు.

కత్తి దిగింది. ఆమె ఒక్క మూలుగు మూలిగింది. తిట్టలేదు. తిట్టమని అతను లోలోపల బతిమాలుకున్నాడు.

"ఉందా?"

"ఉందండి."

చీము వాసన గదంతా కమ్మింది. గిన్నె నిండితే ఇంకో గిన్నె పెట్టారు.

"ఉందా?"

"ఉంది. సన్నగా."

"అయిపోవచ్చింది. అంతా వచ్చేసింది. ఉందా?"

అతను వేళ్లు కాస్త పైకి జరిపాడు. కాస్త కిందికి జరిపాడు.

"ఏమయ్యా, ఉందా?"

"వెతుకుతున్నానండి," అన్నాడు.