రికార్డులు తుడిచిన ముఖమల్ జాకెట్టు

నేను ఒక ముఖమల్ గుడ్డ ముక్కను. అరచేతంత చెక్క దిమ్మకు బంకతో అతికించిన ముక్కను. ఒకప్పుడు నాది దానిమ్మగింజ ఎరుపు. ఇప్పుడు ఒళ్లంతా నలుపు. ఈ నలుపు ఎలా అంటిందో చెబుతాను. మనుషుల శుభ్రత మీద మీకేమైనా గౌరవం ఉంటే అది కాస్త తగ్గుతుంది.

తెనాలిలో ఒక దర్జీ నన్ను జాకెట్టుగా కుట్టాడు. తొడుక్కున్నది మాణిక్యాంబ. నాటకాల్లో పాడే పద్దెనిమిదేళ్ల పిల్ల. నన్ను వేసుకునే మద్రాసు వెళ్లి ఒక పాట రికార్డు ఇచ్చి వచ్చింది. అదొక్కటే. ఆ తర్వాత జబ్బు చేసి గొంతు పాడైంది. మాట మిగిలింది, పాట పోయింది. ఆ నల్లటి లక్క రికార్డును నాలో చుట్టి ట్రంకుపెట్టెలో దాచుకుంది. వేసుకుని వినడానికి ఆమెకు గ్రామఫోను లేదు. చప్పట్లు విన్న జాకెట్టును, రికార్డుకు దుప్పటినయ్యాను. ఫర్వాలేదు, గౌరవమైన పనే.

అసలు అవమానం వేదాద్రి గారితో మొదలైంది.

ఈయన విజయవాడలో పాత రికార్డుల సంఘానికి అధ్యక్షుడు. ఇంట్లో గోడ పొడవునా వినైల్ రికార్డులు, పుస్తకాల్లా నిలబెట్టి ఉంటాయి. మాణిక్యాంబ సంగతి ఎవరో చెబితే తెనాలి వచ్చి మరీ ఆ రికార్డు అడిగాడు. అప్పటికి ఆమెకు ఎనభై దాటాయి.

"ఇస్తాను గానీ నాయనా, ఒక్కసారి నాకు వినిపించాలి. నా గొంతు నేనే మర్చిపోయాను" అంది.

ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని మాటిచ్చాడు. గుండె ఎటువైపు ఉంటుందో మాత్రం ఆయనకు బాగా తెలుసు.

ఇంటికి రాగానే నాలోంచి రికార్డు తీసి కొత్త కవరులో దూర్చి, నన్ను కత్తిరించాడు. రికార్డులు తుడవడానికి ముఖమల్‌ను మించింది లేదట. చేతులూ మెడా చెత్తబుట్టలోకి, వీపు ముక్క దిమ్మ మీదికి. అంచున కుట్టిన జరీ పిట్ట ఒక్కటి మిగిలింది.

ఇక చూడాలి ఆయన సేవ! పొద్దున్నే స్నానం చేసి, తెల్ల తొడుగులు తొడుక్కుని, విదేశీ స్పిరిట్ సీసా మూత తీసి, అభిషేకం చేస్తున్నట్టు ఒక్కో రికార్డునూ తుడిచేవాడు. తుడవడం, కవరులో పెట్టడం, మళ్లీ తీసి తుడవడం. వేయడం మాత్రం లేదు. ముల్లు తగిలితే రికార్డు మీది గాడులు అరుగుతాయట.

"మరి పళ్లు అరుగుతాయని అన్నం మానరేం?" అనేది భార్య ఇందుమతి.

మాణిక్యాంబ రెండుసార్లు బస్సెక్కి వచ్చింది. ఒకసారి గాలిలో తేమ ఉందన్నాడు, ఇంకోసారి ముల్లు మార్చాలన్నాడు. కాఫీ ఇచ్చి పంపాడు. మూడోసారి ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"నేను పోయాక వినిపిస్తావా ఏంటి?"

గత్యంతరం లేక, తన ఇంట్లో జరిగే సంఘం సభలో వినిపిస్తానన్నాడు. శాలువా కూడా కప్పుతానన్నాడు.

సభ రోజు పొద్దున ఆ రికార్డును బయటికి తీశాడు. సీసా మూతా తీశాడు. వినైల్‌ను ఏమీ చేయని ఆ స్పిరిట్ లక్కను కరిగిస్తుంది. ఆ సంగతి నాకు ఒక్క రుద్దుకే తెలిసింది. రికార్డుల మీద ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషికి తెలియలేదు.

"ఇందూ, ఇలా రా! ఎంత మురికి వస్తోందో చూడు!"

నా మీది నలుపు చూసి మురిసిపోయాడు. మురికి కాదయ్యా, పాట! తుడిచినకొద్దీ నలుపు వచ్చింది. వచ్చినకొద్దీ తుడిచాడు.

"ఇంకా వస్తోందేంటండీ? ఇక ఆపండి" అంది ఇందుమతి.

"అరవై ఏళ్ల మురికి మరి. ఊరికే పోతుందా?"

సాయంత్రం హాలు నిండింది. నేను రికార్డు తిప్పే యంత్రం పక్కనే ఉన్నాను. మాణిక్యాంబకు శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. ముల్లు దిగింది. మూకుట్లో పోపు వేగినట్టు చిటపటలు, అంతే. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది. పాట ఇంకా మొదలవలేదనుకుంది. ముల్లు చివరిదాకా వెళ్లి గరగరలాడింది.

"పాతది కదమ్మా... అరిగిపోయింది" అన్నాడు వేదాద్రి.

"ఎన్నిసార్లు వేసి అరగదీశావు నాయనా?"

"అయ్యో, ఒక్కసారి కూడా వేయలేదమ్మా! ఒట్టు!"

అప్పుడు మాణిక్యాంబ చూపు నా మీద పడింది. జరీ పిట్టను గుర్తుపట్టి వేలితో తడిమింది. వేలికి నలుపు అంటింది. చారలు పడి మసకబారిన రికార్డును చూసింది. మళ్లీ వేలు చూసుకుంది.

నన్ను దిమ్మతో సహా తీసి చేతిసంచిలో వేసుకుంది. భుజాల మీది శాలువాను మడిచి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది నువ్వుంచుకో నాయనా. తుడుచుకోడానికి మెత్తగా ఉంటుంది."

ఇప్పుడు నేను మళ్లీ ఆ ట్రంకుపెట్టెలోనే ఉన్నాను. పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా ఆ పాటంతా నా నూగులో నల్లగా ఉంది. నన్ను పాడించే ముల్లు లేదు. మొన్న కోడలు పెట్టె సర్దుతూ, "ఇదేంటత్తయ్యా, ఇంత మురికిగా ఉంది? సబ్బు పెట్టి ఉతకనా?" అంది.

మాణిక్యాంబ నన్ను లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

"వద్దమ్మా. శుభ్రం చేసింది చాలు."