చప్పట్లు కొట్టిన చోట

మంగళవారం రికార్డు చేసిన ఎపిసోడ్‌ను శుభ్రం చేయడానికి శకుంతల గురువారం మధ్యాహ్నం కూర్చుంది. సాయంత్రం ఆరులోపు హైదరాబాద్‌లోని ఆడియో కథల యాప్ కంపెనీకి పంపాలి.

వంటింటి వెనక పనిమనిషి కోసం కట్టిన చిన్న గదిలో ఆమె పని చేస్తుంది. గోడలకు పాత పరుపులు ఆనించి, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి, ఏసీ ఆపేసి చదువుతుంది. ఏసీ హోరు మైకులో పడకూడదు. జూన్ నెలలో, గల్ఫ్ ఎడారిలోని ఈ అల్ వుకైర్‌లో, ఏసీ లేని గదిలో పన్నెండు నిమిషాలకు మించి ఎవరూ కూర్చోలేరు. పన్నెండు నిమిషాలు చదివి, బయటికొచ్చి ముఖం కడుక్కుని, మళ్ళీ లోపలికి వెళ్తుంది. మధ్యలో మాట తడబడినా, బయటి చప్పుడేదైనా వినిపించినా గట్టిగా ఒకసారి చప్పట్లు కొట్టి ఆ వాక్యం మొదటినుంచి చదువుతుంది. తర్వాత కంప్యూటర్ తెర మీద చూస్తే, చప్పట్లు కొట్టిన చోట శబ్దం గీత నిట్టనిలువుగా లేచి ఉంటుంది. అక్కడ కత్తిరిస్తే చాలు.

ఇది రెండు వందల పద్నాలుగో ఎపిసోడ్. చైనా కథ. మంచుకొండల మీద యున్ వంశం. ఆ వంశానికి వారసుడు పదిహేడేళ్ళ షావో. ఏడేళ్ళప్పుడే అరచేతిలో నిప్పు నిలిపినవాడు. ఏడాదిగా వాడి లోపలి ప్రాణశక్తి దారి తప్పింది. ఆ సంగతి తండ్రికి చెప్పలేక, నిషేధించిన విద్య ఒకటి రహస్యంగా సాధన చేస్తున్నాడు. నిన్న విడుదలైన ఎపిసోడ్‌లో, పూర్వీకుల మందిరంలో వాడి చేతిలో శక్తి అదుపు తప్పింది. మూడు వందల ఏళ్ళుగా ఆరని వంశదీపం ముక్కలైంది. మందిరం ఊడ్చే ముసలి సేవకుడు గూ పట్టుబడ్డాడు. శిక్షగా అతని నాడులు తెంచి కొండ మీదనుంచి వెళ్ళగొట్టాలి. ఈ ఎపిసోడ్‌లో సభ తీరింది. వంశాధిపతి కొడుకు వైపు చూడకుండా అడుగుతాడు: "ఈ సభలో ఇంకెవరికైనా చెప్పాల్సింది ఉందా?"

షావో చెప్పడు.

గొంతులన్నీ శకుంతలవే. వంశాధిపతి మాట్లాడినప్పుడు గొంతు కాస్త కిందికి దించి, ప్రతి మాటకీ ముందు అర క్షణం ఆగుతుంది. "అది నాన్న గొంతే కదమ్మా" అని కొడుకు విశాల్ ఒకరోజు పడీపడీ నవ్వాడు. అప్పటిదాకా ఆమెకే తెలియదు.

హెడ్‌ఫోన్స్‌లో తన గొంతు ఆ ప్రశ్న అడిగింది. తర్వాత కథ ప్రకారం నిశ్శబ్దం ఉండాలి. ఆ నిశ్శబ్దంలో, దూరంగా, ధన్‌మని ఏదో గుద్దుకుంది. గాజు రాలింది. బ్యాటరీ బగ్గీ వెనక్కి నడిచేటప్పుడు మోగే పీప్ పీప్. ఆ వెంటనే ఒక గొంతు.

"అద్నాన్, ఉతర్! యల్లా యల్లా! కిసీనే నహీ దేఖా!"

తర్వాత చప్పట్లు. ఆమె చప్పట్లే.

శకుంతల వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. మూడోసారి కళ్ళు మూసుకుని విన్నది. తెలిసిన గొంతే. విశాల్ స్నేహితుడు అద్నాన్‌ని దిగు, పద పద అంటున్నాడు. ఎవరూ చూడలేదు అంటున్నాడు. మంగళవారం పదకొండున్నరకి చెమట తుడుచుకుంటూ ఇక్కడే కూర్చుని, ఆ చప్పుడు చెవితో విని, చప్పట్లు కొట్టి, తను వాక్యం మళ్ళీ చదువుకుంది. గదికి పైన ఉన్న చిన్న కిటికీ వెనక సందులోకే. ఆ సందులోనే కార్ల షెడ్డు.

ఆ రోజు సాయంత్రం ఈ ఇళ్ళున్న కాంపౌండ్ అంతా అట్టుడికింది. సామాను మోసే బగ్గీని ఎవరో నడిపి, షెడ్డులో ఆగి ఉన్న కాంపౌండ్ ఓనరు తెల్ల కారుని గుద్దారు. లైటు పగిలి, తలుపు సొట్టపోయింది. ఆ మూల కెమెరా లేదు. బగ్గీ తాళంచెవి ఉండేది వాచ్‌మన్ రాజేశం దగ్గర. నువ్వే నడిపావా అంటే అతను తల దించుకుని నిలబడ్డాడు. ఇవాళ నాలుగింటికి మనుషుల్ని పెట్టే కంపెనీ సూపర్‌వైజర్ ఫరీదుద్దీన్ వస్తాడు. రాజేశం వీసా క్యాన్సిల్ చేసి ఊరికి పంపడానికి కాంపౌండ్ వాళ్ళ తరఫున ఉత్తరం రాసి సంతకం పెట్టాల్సింది కమిటీ పనులు చూసే ఆమె భర్త రామకృష్ణారావు.

ఆమె ఆ ఆరు సెకన్ల ముక్కని మౌస్‌తో ఎంచింది. ఒక మీట నొక్కింది. గీత అతుక్కుపోయింది. విని చూసింది. ప్రశ్న, నిశ్శబ్దం, తర్వాత వాక్యం. ఎంత శుభ్రంగా ఉందో. రోజూ చేసే పనే.

హెడ్‌ఫోన్స్ తీసేసి మళ్ళీ పెట్టుకుంది. చేసిన పని వెనక్కి తిప్పే మీట నొక్కింది. చప్పట్ల గీత మళ్ళీ నిలబడింది.

గ్లాసులో మజ్జిగ పోసుకుని గేటు దగ్గరికి నడిచింది. రాజేశం గదిలో ఫ్యాను కింద స్టూలు మీద కూర్చుని చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఉన్నాడు. ఆమెని చూసి లేచాడు.

"ఎండల ఎందుకొచ్చిన్రు అమ్మా? పిలిస్తె నేనే రాకపోదునా."

"తాగు. రాజేశం, ఆ రోజు తాళంచెవి ఎవరికిచ్చావు?"

"ఎవ్వలికి ఇయ్యలే."

"నిజం చెప్పు."

అతను గ్లాసులోకి చూశాడు. "నిజం చెప్తె ఏమొస్తది? తాళం నా తాన ఉండాలె. లేకపాయె. పోరడు నెల సంది ఒక్క రౌండు అంకుల్, ఒక్క రౌండు అని సతాయిస్తుండె. ఇచ్చిన. ఇచ్చినోనిదే తప్పు."

"విశాలేనా?"

"నేను పేరు తియ్యలే" అన్నాడు గబుక్కున. "మీరు తియ్యకున్రి. సారుకు నేనంటె మంచిగుంటది గద. సారు ఒక్క మాట చెప్తె ఫరీదుద్దీన్ సాబ్ ఊకుంటడు. యాభై ఒక్కటి నిండినయి నాకు. ఇప్పుడు వెళ్ళగొడితె ఇంకో కంపెనీ ఎవడు తీసుకుంటడు? దుబాయ్ సాలిచ్చి ఎప్పుడొస్తవని మా ఇంటామె రాములవ్వ అడుగుతనే ఉంటది. ఇది దుబాయ్ కాదే అంటె ఇనది. ఇంకో రెండేండ్లని చెప్పిన. గంతే."

ఉత్తరం రాసింది సారేనని అతనికి తెలియదు.

"గా ముచ్చట ఇడిసిపెట్టున్రి" అన్నాడు రాజేశం మీసానికంటిన మజ్జిగ తుడుచుకుంటూ. "గా షావో పిలగాడు ఏమైండు? దీపం వలగ్గొట్టింది నేనే అని చెప్పిండా?"

"ఇంకా లేదు."

"చెప్తడు. నేను మొదటి సంది ఇంటున్న గద. మంచి పోరడు."

విశాల్ పై గదిలో మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఈ ఏడు పన్నెండో తరగతి. చైనా కథ మొత్తం ఇంగ్లీషులో చదివేసినవాడు. పేర్లు ఎలా పలకాలో తల్లికి వాడే నేర్పాడు. ఆమె ఏమీ చెప్పకుండా లాప్‌టాప్ మంచం మీద పెట్టి, హెడ్‌ఫోన్స్ వాడి చెవులకి తగిలించింది.

వాడి ముఖం ఎలా మారుతుందో చూడాలనుకుంది. చూడలేక కర్టెన్ సర్దింది.

"అమ్మా." గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది. "ఇది నువ్వెలాగూ కట్ చేసేదే కదా."

"ఒకసారి చేశాను."

"మళ్ళీ చెయ్యి. ప్లీజ్."

"నాలుగింటికి రాజేశాన్ని తీసుకుపోతారు."

"ఊరికే కదమ్మా పంపేది, జైలుకేం కాదుగా. నా సంగతి చూడు. లైసెన్స్ లేదు. ఓనరు కేసు పెడితే? నాన్న ఉద్యోగం? పక్కన అద్నాన్ కూడా ఉన్నాడు." లేచి కూర్చున్నాడు. మాటలు తరుముకొస్తున్నాయి. "షావో కూడా చెప్పడు. చెప్పకపోబట్టే వంశం నిలబడుతుంది. గూకి ఏం కాదమ్మా. కింద లోయలో ఒక గురువు కనపడతాడు. ఆరువందో ఎపిసోడ్‌కల్లా షావోకన్నా పెద్ద యోధుడై తిరిగొస్తాడు. క్షమిస్తాడు కూడా."

"రాజేశం జగిత్యాల బస్టాండులో దిగుతాడు. అక్కడ ఏ గురువు ఎదురొస్తాడో చెప్పు."

వాడు గోరు కొరుక్కున్నాడు.

"ఆయనేం చెప్పలేదు తెలుసా?" అంది శకుంతల. "నీ పేరు నేనడిగితే కూడా తియ్యలేదు. పైగా షావో మంచి పోరడంటున్నాడు. చెప్తాడంటున్నాడు."

"నాన్నకి నా ముఖం ఎలా చూపించమంటావ్?"

"నాకేం తెలుసురా. నాలుగు దాకా టైముంది. నువ్వు చెబితే నీ మాట. లేకపోతే నేను వినిపిస్తాను."

"నువ్వలా చెయ్యవు."

"చెయ్యకూడదనే ఉంది నాకు" అంది ఆమె. లాప్‌టాప్ తీసుకుని దిగిపోయింది.

రామకృష్ణారావు రెండున్నరకి వచ్చాడు. భోజనానికి విశాల్ రాలేదు. తలనొప్పిట అని చెప్పింది. ఆయన గోంగూర కలుపుకుంటూ ఉత్తరం గురించే మాట్లాడాడు. రెండు పేరాలు, ఇంగ్లీషులో, తప్పుల్లేకుండా.

"సంతకం పెట్టేముందు అతన్ని ఒకసారి అడగకూడదా?" అంది.

"అడుగుతాను. అందరి ముందూ అడుగుతాను. విచారించకుండా ఒక మనిషిని పంపించేవాణ్ణా నేను?" అర క్షణం ఆగాడు. "ఇంతకీ నీకెందుకంత ఆత్రం?"

"ఏం లేదు. ఇంకొంచెం పప్పు వేస్తానుండండి."

మూడున్నర. మూడూ ముప్పావు. పై గది తలుపు తీసిన చప్పుడు లేదు. శకుంతల రెండుసార్లు మెట్ల దాకా వెళ్ళి వచ్చింది. కేసు పెడితే ఏమవుతుందో ఎంత ఆలోచించినా ఊహ ఒక చోట ఆగిపోతోంది. ముగ్గురూ ఎయిర్‌పోర్టులో సూట్‌కేసులతో నిలబడిన చోట. ఆ లాప్‌టాప్ ఇప్పుడు కింద పడి పగిలితే బాగుండుననుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నాలుగింటికి బెల్లు మోగింది. సూపర్‌వైజర్ ఫరీదుద్దీన్‌ది హైదరాబాద్. తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడితే ఉర్దూ కలుస్తుంది. అతని వెనక రాజేశం, గడప బయట చెప్పులు విడిచి, ఇస్త్రీ చొక్కాతో. టేబుల్ మీద ఉత్తరం, దాని మీద పెన్ను. రాజేశం కళ్ళు ఉత్తరం మీదికి, అక్కణ్ణుంచి సారు మీదికి వెళ్ళి కిందికి దిగాయి. అర్థమైనట్టే ఉంది.

"కూర్చోండి ఫరీదుద్దీన్ గారూ. అతన్ని మీ ఎదురుగానే అడుగుతాను" అన్నాడు రామకృష్ణారావు. "రాజేశం, బగ్గీ నువ్వు నడిపావా?"

"తాళం నా తాననే ఉండె సార్."

"నేనడిగింది అది కాదు."

"తాళం నా తాననే ఉండె" అన్నాడు మళ్ళీ.

"అరే, సీదా జవాబ్ దే" అని విసుక్కున్నాడు ఫరీదుద్దీన్. "నువ్ నడిపినవా, ఇంకెవరన్నా నడిపిండ్రా?"

రాజేశం కాలి బొటనవేలితో తివాచీ అంచు సరిచేస్తున్నాడు. రామకృష్ణారావు పెన్ను మూత తీశాడు.

శకుంతల వంటింట్లోంచి లాప్‌టాప్ తెచ్చి ఉత్తరం పక్కన పెట్టింది. హెడ్‌ఫోన్స్ వైరు పీకేసింది.

"ఇప్పుడేంటిది శకుంతలా?"

ఆమె మీట నొక్కింది. హాలంతా ఆమె గొంతు. కాదు, కిందికి దించిన, మాటకి ముందు ఆగే గొంతు. "ఈ సభలో... ఇంకెవరికైనా చెప్పాల్సింది ఉందా?"

రామకృష్ణారావు తల గిరుక్కున తిప్పి భార్యని చూశాడు. ఆ గొంతు ఎవరిదో ఆయన గుర్తుపట్టాడు.

నిశ్శబ్దం మొదలైంది. ఆమె లెక్కపెడుతోంది. రెండు సెకన్లలో ఆ చప్పుడు వస్తుంది.

"ఆపమ్మా!"

విశాల్ మెట్లు రెండేసి దిగి వచ్చి లాప్‌టాప్ మూత దబ్బున మూశాడు. జుట్టు చెదిరి ఉంది. ఎంతసేపట్నుంచి మెట్ల మలుపులో నిలబడ్డాడో మరి.

"నేనే నాన్నా. బగ్గీ నేనే నడిపాను. అంకుల్ వద్దన్నారు. రోజూ అడిగితే ఇచ్చారు. ఒక్క రౌండని చెప్పి షెడ్డులోకి తీసుకెళ్ళాను." మూత మీదనుంచి చెయ్యి తియ్యలేదు. "అంకుల్ నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

రామకృష్ణారావు పెన్నుకి మూత పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి పెట్టాడు. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"రాజేశం" అన్నాడు. అక్కడితో ఆపి కొడుకు వైపు తిరిగాడు. "బూట్లేసుకో. ఓనరు ఇంటికి వెళ్దాం. నేను మాట్లాడను. నువ్వే చెప్పాలి."

"కేసు పెడితే?" అంది శకుంతల. ఆపుకోలేకపోయింది.

"పెడితే పెడతాడు."

ఫరీదుద్దీన్ గడ్డం గోక్కున్నాడు. "దేఖో రాజేశం, తాళం ఇచ్చుడు గలత్ హై. ఈడ ఉండనియ్య. అల్ వక్రా గోడౌన్ గేటు మీద ఏస్త. ఘర్ నహీ భేజ్‌తా, ఊరికి పంప. ఖుషీ?"

"ఖుషీ సాబ్" అన్నాడు రాజేశం. కళ్ళు తుడుచుకోలేదు, ముక్కు తుడుచుకున్నాడు.

తండ్రీకొడుకులు ఎండలోకి నడిచారు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఎడం. కారు గేటు దాటేదాకా శకుంతల గుమ్మంలోనే నిలబడింది. ఏం జరుగుతుందో వాళ్ళు తిరిగొచ్చేదాకా తెలియదు.

రాజేశం చెప్పులేసుకుని నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాడు.

"అమ్మా, ఒక్క ముచ్చట. గా షావో పిలగాడు కడకు చెప్తడా, చెప్పడా? మీకు ఎరుకేనాయె."

ఆమెకి అబద్ధం చెప్పాలనిపించింది. "చెప్పడు రాజేశం. ఆరు వందల ఎపిసోడ్లు దాటినా చెప్పడు."

"గట్లనా!" అతను నిజంగానే నొచ్చుకున్నాడు. ఫోన్ తీసి, తెర మీద కొండ మీద నిలబడ్డ కుర్రవాడి బొమ్మని కాసేపు చూశాడు.

"అయితే ఇగ నేను ఇన అమ్మా" అని ఇయర్‌ఫోన్ వైరు వేలికి చుట్టుకుంటూ గేటు వైపు వెళ్ళిపోయాడు.