తెగని దారి

ఆదివారం పొద్దున్నే అత్తాకోడళ్లిద్దరూ గుట్టకి బయల్దేరారు. అత్తగారు బూట్ల లేసులు బిగించి, నీళ్ల సీసా సంచిలో వేసుకుని కోడలి కంటే ముందే గడప దాటింది. కోడలు తాళం వేసి, వేశానా లేదా అని మళ్లీ లాగి చూసి, కాళ్లీడ్చుకుంటూ వెనకే నడిచింది.

కాలనీ చివరి వీధి దాటితే గుట్టే. దాని చుట్టూ తిరిగి మళ్లీ గేటు దగ్గరికే వచ్చే కాలిబాట ఒకటుంది. ఆ బాట సంగతి కాలనీలో అందరికీ తెలిసిందే. కలిసి నడిచేవాళ్ల మధ్య దాపరికం లేకపోతే కబుర్లలో పడి ఇట్టే అయిపోతుంది. ఉంటే మాత్రం, అది బయటికొచ్చేదాకా దారి తెగదు. బాట ఎంత పొడవో రాయిద్దామని కమిటీవాళ్లు గేటు పక్కన బోర్డు పెట్టించారు గానీ, ఏం రాయాలో తేలక ఖాళీగానే వదిలేశారు. పెళ్లి కుదిరిన జంటల్ని పెద్దవాళ్లు పనిగట్టుకుని అక్కడికి పంపిస్తారు. కొందరు మధ్యాహ్నం భోజనానికి కూడా తిరిగి రారు.

కొడుకు పోయాక కూడా అత్తగారు, కోడలు ఒకే ఇంట్లో ఉండిపోయారు. ఆవిడకి ఈవిడ, ఈవిడకి ఆవిడ. ఆదివారం వస్తే గుట్ట. ఈమధ్య కోడలే తప్పించుకుంటోంది. ఒకసారి తలనొప్పి, ఒకసారి బూటు కరుస్తోంది, ఒకసారి మబ్బు పట్టింది. ఇవాళ ఏ సాకూ దొరకలేదు.

కోడలు కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగిస్తుంది. అక్కడికి తరచూ వచ్చే పొడుగాటి బస్సు డ్రైవరు పెళ్లి చేసుకుందామని అడిగాడు. జవాబు కోసం ఈ ఆదివారం సాయంత్రం గుట్ట గేటు దగ్గర ఉంటానన్నాడు. కాదంటే ఇక షాపు గుమ్మం తొక్కనన్నాడు. కాదనే చెప్పాలని ఆమె నిర్ణయించుకుంది. ఇష్టం లేక కాదు, బోలెడంత ఇష్టం. అత్తగారిని ఒంటరిగా వదిలి వెళ్లడం మాత్రం తన వల్ల కాదు.

గాలి లేకపోయినా గడ్డి మెల్లగా ఊగుతోంది. ఎక్కడో ఒక పిట్ట కూయబోయి, మర్చిపోయినట్టు ఆగిపోతోంది. రాతి బెంచీ దాటారు. కాసేపటికి మళ్లీ అదే రాతి బెంచీ వచ్చింది.

"దారి సాగుతోందే," అంది అత్తగారు, ఎవరితోనో అన్నట్టు.

"మీ నీలం కప్పు పిల్లి పగలగొట్టలేదత్తయ్యా. నేనే."

"పాపం, దాన్ని అనవసరంగా తిట్టాను. ఇంకా?"

"మీ చెల్లెలు ఫోన్ చేస్తే మీరు నిద్రపోతున్నారని అబద్ధం చెప్పాను."

"మంచి పని చేశావు."

మళ్లీ రాతి బెంచీ. పక్కింటి దర్జీ, ఆయన భార్య నవ్వుకుంటూ వాళ్లని దాటి వెళ్లిపోయారు. సీసాలో నీళ్లు అయిపోయాయి. ఎండ పసుపురంగుకి తిరిగి, గుట్ట మీద కునుకు తీస్తున్నట్టు ఒరిగింది. ఇక ఉగ్గబట్టుకోలేక కోడలు బెంచీ మీద కూలబడి అంతా చెప్పేసింది.

"కాదని చెప్పేస్తానత్తయ్యా. మీరేం బెంగపెట్టుకోకండి," అని కళ్లు తుడుచుకుంది.

లేచి నడిచారు. మలుపు తిరిగితే గేటు కనపడుతుందనుకుంది. రాతి బెంచీయే కనపడింది.

"నా దగ్గర ఇంకేం లేదు, ఒట్టు," అంది కోడలు బిక్కమొహం వేసి.

అత్తగారు వంగి, ఊడని లేసు బిగించుకుంది.

"నాకు తెలుసే," అంది అలా వంగే. "నా కళ్లజోడు తీసుకోవడానికి మీ షాపుకి వచ్చినప్పుడు చూశాను. ఆ పొడుగాయన మెట్ల మీద నిలబడి, బాగానే ఉన్న కళ్లజోడు కాడ వంచుకుని మరీ లోపలికొచ్చాడు. నువ్వు దాన్ని ఎంత నెమ్మదిగా సరిచేశావో కూడా చూశాను. అప్పట్నుంచీ నువ్వు కాదనాలని రోజూ కోరుకుంటున్నాను. ఎంత పాపిష్టిదాన్నో చూడు. ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలంటే నాకు భయమే." నడుం ఎత్తి నిలబడింది. "చెప్పేశాను కదా, ఇంక నా భయం సంగతి నేను చూసుకుంటాను. వెళ్లి ఔనని చెప్పు."

కోడలికి ఏడుపు ఆగలేదు. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని మలుపు తిరిగింది. కింద గేటు, గేటు పక్కన ఖాళీ బోర్డు, బోర్డు పక్కన దాన్ని మించిన పొడుగుతో ఆయన.

వీళ్లని చూసి ఎదురొచ్చాడు. పెద్ద పెద్ద అంగలే వేస్తున్నాడు గానీ ఉన్నచోటే ఉన్నాడు. పరుగెత్తాడు. చొక్కా తడిసిందే తప్ప దగ్గరవ్వలేదు.

"ఇతగాడూ ఏదో దాచాడే," అంది అత్తగారు సరదాగా.

ఆయన ఆగి, రొప్పుతూ, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గుట్టంతా వినపడేలా అరిచాడు.

"ఇల్లు చూశానండీ! తూర్పు కిటికీ ఉన్న గది మీ అత్తగారికి! ఆవిడ రానంటారేమోనని భయపడి చెప్పలేదు!"

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే ముగ్గురూ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఆయన కళ్లజోడు ఒక పక్కకి వంగిపోయి ఉంది.

"ఎందుకయ్యా అంత అరుపు," అంది అత్తగారు. "పక్కనే ఉన్నాం కదా."