పెద్దవీధిలో నడవడానికి

అమలాపురం బజారులో ప్రకాశరావు చెప్పుల కొట్టుకు వచ్చేవాళ్లెవరూ సైకిలును గుమ్మం దాకా నడిపించుకు రారు. కృపానందం మేష్టారు నడిపించుకొచ్చాడు. స్టాండు వేసి, గుమ్మంలో నిలబడి, "బూట్లు కావాలండి. తొడుక్కుని సైకిలు తొక్కి చూశాకే తీసుకుంటాను" అన్నాడు.

మొదట తళతళలాడే నల్లబూట్లు తీశాడు ప్రకాశరావు. చూడ్డానికి దొరబాబులా ఉన్నాయి గాని, తోలు అడుగు పెడలు మీద నిలవలేదు. సందు చివర మలుపు తిరిగేసరికి కాలు జారి, మోకాలి కింద ఎముకకి పెడలు కొట్టుకుంది. తరవాత గుడ్డబూట్లు. నడుస్తుంటే హాయిగానే ఉన్నాయి. తొక్కితే మటుకు పెడలు ఇనుపపళ్లు అరికాలికి తగులుతున్నాయి. మూడో జత పోలీసు బూట్ల మాదిరిది. అడుగున మేకులు, మడమ దగ్గర బిరుసు. నాలుగడుగులు వేసి విప్పేశాడు.

ప్రకాశరావుకి విసుగొచ్చింది. "ఇంతకీ తమకి తొక్కడానికా అండీ, నడవడానికా?"

"రెంటికీనండి. ఇంటి దగ్గర్నుంచి హైస్కూలు దాకా రోజూ తొక్కాలి. మధ్యలో ఒక వీధి ఉంది. అక్కడ మాత్రం దిగి నడవాలి. మెల్లిగా నడవాలి."

"ఏం, రోడ్డు బాగోదా?"

"రోడ్డు చాలా బాగుంటుందండి."

ఆఖరికి అటక మీంచి ఒక గోధుమరంగు జత దిగింది. పైతోలు మెత్తన. అడుగున దళసరి రబ్బరు, పెడలుని పట్టుకునేటంత గరుకు. మడమ ఎత్తు తక్కువ. ముందు వేళ్లు కదలడానికి చోటుంది. కృపానందం గడియార స్తంభం దాకా తొక్కి, తిరుగు దారిలో సైకిలు పట్టుకుని నడిచి వచ్చాడు. మళ్లీ ఒకసారి నడిచాడు. బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడి చూశాడు. తన పెళ్లికి కూడా అతనింత శ్రద్ధగా ఏదీ ఎంచుకోలేదు.

అప్పటికి పదేళ్ల పైమాట అతని కాళ్లకి జోడు లేక. లేమి వల్ల కాదు.

యుద్ధం రోజుల్లో, ట్రైనింగు పూర్తి చేసి కొత్తగా మేష్టరు ఉద్యోగంలో చేరినప్పుడు అతనికొక జత బూట్లుండేవి. సన్నలంక ఊరి బయట ఉన్న తమ పేట నుంచి రోడ్డెక్కాలంటే ఊళ్లో పెద్దవీధిలోంచి పోవాలి. ఆ వీధిలో పేటవాళ్లు జోడు విప్పి చేత్తో పట్టుకోవాలి. సైకిలుంటే దిగాలి. ఒకరోజు బడికి ఆలస్యమై కృపానందం దిగలేదు, విప్పలేదు. అరుగు మీద కూర్చున్న బుచ్చిరాజుగారు ఆపించారు. తన పొలంలో పాలేరుగా చేస్తున్న అబ్రహామును పిలిపించారు. అబ్రహాము కృపానందం తండ్రి.

"నువ్వు కన్నావు, బుద్ధి నువ్వే చెప్పుకో. వాడి జోడుతోనే" అన్నారు బుచ్చిరాజుగారు.

అబ్రహాము ఉంటున్న గుడిసె రాజుగారి స్థలంలోది. తింటున్న గింజలు రాజుగారి గాదెలోవి. బూటు చేతిలోకి తీసుకుని కొడుకు భుజం మీద తగిలీ తగలనట్టు రెండు దెబ్బలు వేశాడు. "గట్టిగా" అన్నారు అరుగు మీంచి. మూడో దెబ్బ చెంప మీద పడింది. బూట్లు కాలవలో పారేశారు.

దెబ్బ కంటే తరవాతది ఎక్కువ. ఆనాటి నుంచి అబ్రహాము కొడుకు ముఖంలోకి చూడలేదు. ఒకే చూరు కింద ఉంటూ, కొడుకు కంచం ముందు కూర్చుంటే తను లేచిపోయేవాడు. జబ్బుచేసి ప్రాణం పోయేటప్పుడు కూడా కృపానందం మంచం పక్కన కూర్చుంటే గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అలా తిరిగే పోయాడు.

కృపానందం ఆ వీధి మానేశాడు. సైకిలు భుజాన వేసుకుని కొబ్బరితోటల గట్ల మీంచి చుట్టూ తిరిగి రోడ్డెక్కేవాడు. వానాకాలం మోకాళ్ల దాకా బురద. పై పరీక్షలు ప్యాసయి అమలాపురం హైస్కూలుకి వచ్చాక కూడా అదే దారి, అవే వట్టికాళ్లు. అందరూ అతన్ని నెమ్మదస్తుడనుకునేవారు. లోపల రగులుతున్నది భార్య సుగుణకి ఒక్కదానికే తెలుసు.

అంటరానితనం పాటించేవాళ్లకి శిక్షవేసే చట్టం వచ్చిందని పేపర్లో పడ్డరోజు సాయంత్రమే అతను ప్రకాశరావు కొట్టుకి వెళ్లాడు. దారిన పోయేవాణ్ణి అడ్డగిస్తే జైలు. ఇంకేం కావాలి? అడ్డగించేటట్టు చేయడమే మిగిలింది.

బూట్లు చూసి సుగుణ అతని ముఖం చూసింది. "బడికేనా అండీ ఇవి?"

"ఆయ్. బడికే."

"మీకు అబద్ధం చెప్పడం రాదండీ" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పెద్దవీధి మొదట్లో సైకిలు దిగాడు. ఎండ అప్పుడే వీధిలో పడుతోంది. ఊరేగింపులో నడిచినట్టు మెల్లిగా నడిచి బుచ్చిరాజుగారి ఇంటి ముందు ఆగాడు. ముసలాయన అరుగు మీదే ఉన్నారు, చుట్ట చేతిలో. కృపానందం బూటు కాలు తీసుకెళ్లి ఆ అరుగు అంచున పెట్టాడు. వంగి, బిగిసే ఉన్న ముడి విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

బుచ్చిరాజుగారు తల ఎత్తారు. "ఎవరండీ వారు? ఎండలో నుంచున్నారు. పైకొచ్చి కూచోండి. కళ్లకి పొర కమ్మేసిందండీ, మనిషి ఆనడు."

అండీ అన్న మాట చెంప మీద కొట్టినట్టయింది కృపానందానికి. "నేను అబ్రహాము కొడుకుని" అన్నాడు.

"ఏ అబ్రహామండీ?"

"మీ పాలేరు."

ముసలాయన గొంతు మారిపోయింది. "ఓహో, వాడి కొడుకువా. మంచి పనివాడు, పాపం పోయేడు. ఏం కావాలిరా?"

"ఆయన చేత నన్ను ఇక్కడే చెప్పుతో కొట్టించేరు."

బుచ్చిరాజుగారు చుట్ట ఆర్పకుండా ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. "అయుండొచ్చు. ఏదో తప్పు చేసుంటావు. నాకు గుర్తులేదురా అబ్బాయ్."

ఆ రోజు క్లాసులో కృపానందం ఏం చెప్పాడో అతనికే తెలియదు. తన తండ్రిని గోడ వైపు తిప్పేసిన మనిషికి ఆ సంగతే గుర్తులేదు. అప్పటిదాకా జైలు చాలనుకున్నాడు. ఇప్పుడు చాలదనిపించింది.

రోజూ ఆగాడు. రోజూ అరుగు మీద కాలు పెట్టి, వీధి వీధంతా వినేటట్టు ఆ కథ చెప్పాడు. వారం తిరక్కముందే బుచ్చిరాజుగారి కొడుకు ధర్మరాజు అత్తవారి ఊరి నుంచి వచ్చాడు. గొంతు విని బయటికి వచ్చి, అరుగు మీద బూటుకాలు చూశాడు.

"ఏరా, ఎవరి అరుగనుకున్నావు? విప్పు ఆ బూట్లు! ఈ వీధిలో మీవాళ్లు జోడేసుకుని నడవకూడదని తెలీదూ?"

కృపానందం కాలు కిందికి దించాడు. లోపల ఏదో పండగలా ఉంది. "ఇంకోసారి అనండి, అందరికీ వినపడాలి" అన్నాడు.

ధర్మరాజు ఇంకోసారి అన్నాడు. చెంప మీద కొట్టాడు. సైకిలెత్తి కాలవలో పారేశాడు. వీధి చివర మిఠాయికొట్టు తాతబ్బాయీ, రోడ్డు మీద ఆగిన బస్సులోని జనమూ చూశారు. కృపానందం చెయ్యెత్తలేదు. సైకిలు కోసం కాలవ వైపు చూడనైనా చూడలేదు. అక్కణ్ణించి అమలాపురం పోలీసు స్టేషనుకి నడుచుకుంటూ వెళ్లి ఫిర్యాదు రాయించాడు. అంత దూరం నడిచినా కాళ్లు నొప్పిపుట్టలేదు.

కేసు కోర్టుకెక్కింది. తాతబ్బాయి సాక్ష్యం చెబుతానన్నాడు. ధర్మరాజుకి జైలు తప్పదని ప్లీడరు చెప్పాక, ఒక ఆదివారం సాయంత్రం బుచ్చిరాజుగారు మనవడి భుజం పట్టుకుని పేటకి వచ్చారు. ఆయన పేటలో అడుగుపెట్టడం అదే మొదలు. సుగుణ కుర్చీ వేసింది. ఆయన కూర్చోలేదు.

"ఒక్కడే కొడుకు. కేసు తీసేసుకో బాబూ."

"మా నాన్న సమాధి దగ్గరికి రండి" అన్నాడు కృపానందం. "జోడు ఇక్కడ విప్పేసి రండి."

ముసలాయన విప్పారు. సమాధుల దొడ్డి కాలవ అవతల, ఇసకలో. పల్లేరుకాయలు గుచ్చుకుంటుంటే ఆగి ఆగి నడిచారు. కృపానందం బూట్లతో పక్కన నడిచాడు. చెయ్యి ఇవ్వలేదు. సిలువ దగ్గరికి వచ్చాక ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాలిలో తడిమారు.

"అబ్రహామూ, తప్పయిపోయిందిరా."

"అబ్రహాముగారూ అనండి."

మనవడు తాత ముఖంలోకి చూస్తున్నాడు.

"అబ్రహాముగారూ, తప్పయిపోయిందండి. మీ బిడ్డని మీ చేత కొట్టించేను."

కృపానందానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తండ్రి కోసమే. తిరిగి వచ్చే దారిలో బుచ్చిరాజుగారు అడిగారు, "మరి కేసు?"

"కేసు కోర్టులో ఉందండి."

ఆయన నిలబడిపోయారు. మనవడు తాత చేయి పట్టుకుని మెల్లిగా తీసుకుపోయాడు.

సుగుణ గుమ్మంలోనే అడిగింది. "తీసేస్తారని కదండీ ఆ ముసలాయన అంత దూరం నడిచేరు?"

"తీసేస్తానని నేను అనలేదు. రమ్మన్నాను, వచ్చేరు."

"మీ నాన్నగారే ఉంటే ఏమనేవారో."

"మా నాన్న నాతో ఏమీ అనేవాడు కాదు సుగుణా. నాతో ఒక్క మాట మాట్లాడకుండా చేసింది వాళ్లే."

సుగుణ వంటింట్లోకి వెళ్లింది. చాలా రోజుల దాకా, అన్నం వడ్డించేటప్పుడు తప్ప, మాటలు మానేసింది.

ధర్మరాజుకి నెల రోజులు జైలు వేశారు. తీర్పు చదివేటప్పుడు కృపానందం కోర్టు హాల్లో నిటారుగా నిలబడి, బోనులో ఉన్నవాణ్ణి కాక, వెనక బెంచీ మీద కూర్చున్న బుచ్చిరాజుగారిని చూశాడు. మర్నాటి నుంచి, కాలవలోంచి తీయించి బాగుచేయించుకున్న సైకిలు పెద్దవీధిలో దిగడం మానేశాడు. దిగాల్సిన పని లేదు. అరుగు ఖాళీగా ఉండేది. పేట కుర్రాళ్లు కూడా ఒకరొకరే చెప్పులతో ఆ వీధిన రావడం మొదలుపెట్టారు.

బుచ్చిరాజుగారు మంచం పట్టారని తరవాత తెలిసింది. కృపానందం తన మనసులో జాలి కలుగుతుందేమోనని కొన్నాళ్లు ఎదురుచూశాడు. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా వెతుక్కున్నాడు. కలగలేదు.