పప్పులో వాన

"సార్, భోజనాలకి ముందే వాళ్ళని ఓసారి పైకి తీసుకురండి సార్," అంటూ సూర్యకళ పొద్దున్నుంచీ ప్రిన్సిపాల్ వేంకటేశ్వర్లుగారి వెంటపడుతూనే ఉంది.

ఆమె లైబ్రేరియన్. కాలేజీ మేడమీద ఉన్న లైబ్రరీకి కప్పు కారుతుంది. మబ్బు పడితే చాలు, పసిపిల్లలకి దుప్పటి కప్పినట్టు బీరువాలకి టార్పాలిన్లు కప్పుకుంటూ వస్తోంది. బాగుచేయించమని ఏళ్ళ తరబడి మొత్తుకున్నా పలికిన నాథుడు లేడు. ఇవాళ లైబ్రరీ పరిశీలనకి యూనివర్సిటీ కమిటీ వచ్చింది. వాళ్ళు ఆ కప్పు చూసి ఒక్క ముక్క రాస్తే చాలు.

"అదేంటమ్మా! పాలకొల్లు దాకా వచ్చినవాళ్ళని ఖాళీ కడుపుతో మెట్లెక్కిస్తామా? మన మర్యాదేం కావాలి?"

మర్యాద జరిగింది. పనసపొట్టు కూర, ముద్దపప్పు, నేతిలో మునిగిన బొబ్బట్లు, ఆపైన "నా మాట కాదనకండి, ఇంకొక్కటండి" అంటూ పూతరేకులు. కమిటీ పెద్దాయన చెయ్యి కడుక్కుని, అన్నవరం కొండని చూసినట్టు మేడమెట్లని చూసి, మళ్ళీ కూర్చున్నారు.

"లైబ్రరీయే కిందికి రాకూడదా అమ్మా?"

సూర్యకళ నవ్వబోయింది. ఆయన నవ్వలేదు.

"ఎందుకు రాదండీ, వచ్చేస్తుంది!" అన్నారు ప్రిన్సిపాల్.

పిల్లలు వరసకట్టారు. పుస్తకాలు, బీరువాలు, బల్లలు, చివరికి 'నిశ్శబ్దం' బోర్డుతో సహా అన్నీ భోజనాల హాల్లోకి దిగాయి. పెద్దాయన ఆ బోర్డు కిందే గురకపెట్టి, లేచి, ఏదో రాసుకున్నారు.

"సార్, కప్పు కారుతుందండి," అంది సూర్యకళ పైకి చూపిస్తూ.

ఆయన తలెత్తి హాలు కప్పుకేసి చూశారు. "ఎక్కడమ్మా? చెమ్మయినా లేదే!"

రిపోర్టు వచ్చింది. గ్రంథాలయం పొడిగా, అందరికీ అందుబాటులో ఉందట. ఉన్నచోటే ఉంచాలట. రిపోర్టుని కాదనే ధైర్యం ఎవరికుంది? లైబ్రరీ కిందే ఉండిపోయింది, స్టాఫు భోజనాలు మేడెక్కాయి.

మొదటి వానకి అందరూ గొడుగులేసుకుని తిన్నారు.

"ఇదేంటమ్మా, పప్పు ఎంత తిన్నా తరగట్లేదు?" అన్నారు ప్రిన్సిపాల్.

"వాన తగ్గాక తరుగుతుంది లెండి," అంది సూర్యకళ.

సాయంత్రానికల్లా మేస్త్రీ కప్పెక్కాడు. వారం తిరిగేసరికి పైన చుక్క కారడం లేదు.

ప్రిన్సిపాల్ ఆయాసపడుతూ దిగొచ్చారు. "కప్పు బాగైంది కదమ్మా, ఇంక లైబ్రరీని పైకి తీసుకెళ్ళిపోండి. తిన్నాక ఈ మెట్లు దిగలేకపోతున్నాం."

సూర్యకళ టార్పాలిన్లు మడతపెడుతూ తలెత్తింది.

"ఉన్నచోటే ఉంచమన్నారు కదండీ!"