తిట్లకు కుదిరిన పళ్ళు

ఎల్లప్ప కొత్త పళ్ళ సెట్టు పెళ్ళాన్ని తిట్టేటప్పుడు తప్ప నోట్లో నిలవలేదు.

తప్పు డాక్టర్ వీరరాఘవరావుది కాదు. నయాపూల్ దగ్గర ఆయన కట్టిన పళ్ళతో సగం పాతబస్తీ చెరుకు నమిలేది. ఎల్లప్ప కింది దవడ అరిగి చదునైపోయింది. సెట్టును పట్టి ఉంచాల్సింది ఇక బుగ్గలూ నాలుకే. అందుకని డాక్టరు ముందుగా మెత్తటి మైనం కట్టు నోట్లో పెట్టాడు.

"ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. నాలుక లోపల్నించి, బుగ్గలు బయట్నించి నొక్కి, పళ్ళకు చోటు అవే చూపిస్తాయి."

బస్ డిపోలో మెకానిక్‌గా రిటైరైన ఎల్లప్పకు ఏం మాట్లాడాలో తోచలేదు. ఎదురుగా బెంచీ మీద పెళ్ళాం కృష్ణమ్మ కనబడింది.

"ఏందే మొద్దు మొకందానా, గట్ల గుడ్లప్పగించి సూస్తున్నవ్? నిన్నటి కూరల ఉప్పేది? నీ చేతులిరగ!"

మైనం గట్టిపడేదాకా ఆపలేదు. ఆ అచ్చు ప్రకారమే పళ్ళు తయారయ్యాయి.

మొఘల్‌పురాలో ఇంటికొచ్చిన మొదటిరోజే, చాయ్ తాగి "మంచిగుంది" అన్నాడు. పళ్ళు కప్పులో పడ్డాయి. కృష్ణమ్మను తిడితే బిగిసి కూర్చున్నాయి. ఆమె ఎదురుగా లేకపోతే ఎంత తిట్టినా జారిపోయాయి. ఇక ముద్దకొక తిట్టు. ఆమె కూర్చోవాలి, ఆయన తిట్టాలి, నమలాలి.

"ఇయ్యాల మటనా వదినా?" అని పక్కింటి ఆండాలు గోడమీంచి అడిగేది. "అన్న లొల్లి మస్తు గట్టిగుంది!"

చివరికి కృష్ణమ్మే ఆయన్ను మళ్ళీ తీసుకెళ్ళింది. డాక్టరు కొత్త మైనం పెట్టాడు.

"ఈసారి ఆవిడతో మంచిగా నాలుగు మాటలు మాట్లాడండి, చాలు."

ఎల్లప్ప ఆమె వంక చాలాసేపు చూశాడు. మైనం చల్లారిపోయింది. తీసి పక్కన పెట్టి నవ్వాడు.

"దీనికి మంచిగ సెప్పెటందుకు ఏమున్నది సాబ్? పాతయే ఉండనీ."

కృష్ణమ్మ లేచి చెప్పులేసుకుంది.

ఆ సాయంత్రం జొన్నరొట్టె, మటన్ బొక్కల కూర ఆయనకు నచ్చినట్టే వండి, పళ్ళెం ముందు పెట్టి, పోయి ఆండాలు అరుగు మీద కూర్చుంది. వెనక తిట్టు వినబడింది. తరవాత పళ్ళెంలో టంగుమన్న చప్పుడు.

గంజి తాగి తాగి చిక్కిపోయిన ఎల్లప్ప ఒకరోజు ఆమె కొంగు పట్టుకున్నాడు.

"జర కూసో, కృష్ణమ్మా..."

పేరు పెట్టి పిలవడం అదే మొదలు. మిగతా మాట పళ్ళతోపాటు రొట్టె మీద పడింది.

కృష్ణమ్మ విన్నది. కొంగు విడిపించుకుని అరుగు మీదికి నడిచింది. ఆయన పోయేదాకా రోజూ వేడివేడిగా వండి పెట్టింది. ఎదురుగా మాత్రం ఒక్క పూట కూర్చోలేదు.