నిచ్చెన కింద దగ్గు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గణపతిరావుకి ఒకటే కోరిక. రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని పుస్తకాలు చదువుకోవాలి. అతనితో పాటు భిలాయి ఉక్కు ప్లాంటులో చేరినవాళ్లు కాశీ వెళ్తామన్నారు, ఊళ్లో స్థలం కొని జీడితోట వేస్తామన్నారు. ఈయన మాత్రం విజయనగరం వెళ్లినప్పుడల్లా పాత పుస్తకాల కొట్లో దూరి, సంచీ నింపుకుని భిలాయి పక్కనున్న దుర్గ్‌లో రైలు దిగేవాడు. "ఇవన్నీ ఎప్పుడు చదూతారండీ?" అని భార్య లక్ష్మీకుమారి అడిగితే "ముందున్నాది కదే బోల్డు కాలం" అనేవాడు. ముందున్న కాలమంతా మనదేననుకోవడం మనిషికి పుట్టుకతో వచ్చిన జబ్బు.

అలాగని ఉద్యోగంలో ఉండగా చదవలేదనుకునేరు. తెగ చదివాడు. రోలింగ్ మిల్లులో, కప్పుకి ఆనుకుని తిరిగే క్రేన్ కేబిన్‌లో కూర్చుని చదివాడు. క్రేన్ నడిపేవాడి పని ఎలాంటిదంటే, లోడు ఉన్నంతసేపూ కన్ను ఆర్పడానికి వీల్లేదు, లోడు లేనప్పుడు చేయడానికి ఏమీ ఉండదు. ఆ ఖాళీలో కొందరు ఖైనీ నలిపేవాళ్లు, కొందరు కునుకు తీసేవాళ్లు. గణపతిరావు సీటు కింద, గ్రీజు తుడుచుకునే కాటన్ వేస్ట్ మూటలో చెయ్యి పెట్టి పుస్తకం లాగేవాడు. అతని పుస్తకాలకి అందుకే ఇప్పటికీ గ్రీజు వాసన.

కేబిన్‌లో పుస్తకం కనపడితే మెమో ఖాయం. ఫోర్‌మన్ తిరుమలరావు అంటే మిల్లంతా హడల్. ఎప్పుడు ఏ నిచ్చెన ఎక్కి వస్తాడో ఎవరికీ తెలిసేది కాదు. కానీ గణపతిరావు అదృష్టం కొద్దీ ఆయనకి దగ్గు ఉండేది. నిచ్చెన కింద నిలబడి ఖళ్లుఖళ్లున దగ్గేవాడు. ఆ చప్పుడు చెవిన పడగానే పుస్తకం మూటలోకి పోయేది. ఫోర్‌మన్ పైకి వచ్చేసరికి చేతులు హ్యాండిళ్ల మీదా, భక్తి మొహం మీదా ఉండేవి.

"ఏటి గణపతీ, అంతా బాగేనా?"

"బాగే బాబూ."

అన్నేళ్ల సర్వీసులో ఒక్కసారి కూడా దొరకలేదు. దుమ్ములో పనిచేసి పాపం ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయని జాలిపడుతూనే, ఆ దగ్గుకి మనసులో దండం పెట్టుకునేవాడు.

ఇక ఇంటికొచ్చి స్నానం చేసి కంచం ముందు కూర్చున్నాడంటే, ఆవేళ చదివిందంతా లక్ష్మీకుమారికి చెప్పాల్సిందే. ఆవిడ చదువు అయిదో క్లాసుతో ఆగింది. పుస్తకం పడితే అక్షరాలు చీమల్లా పారిపోతాయంటుంది గానీ, కథ వినడంలో ఆవిడకి సాటి లేరు. "మరి ఆ అత్తగారు ఊరుకున్నాదా?" "ఆ ఉంగరం ఎవరిదో వాడికెలాగ తెలిసింది?" అని అడ్డం పడి అడిగేది. షిఫ్టు మారితే అన్నం వేళ మారేది గానీ అన్నం దగ్గర కథ మాత్రం తప్పేది కాదు. ఒక కూర తక్కువైన రోజులున్నాయి, కథ లేని డ్యూటీ రోజు లేదు.

ఆఖరి డ్యూటీ రోజున అతని మూటలో ఉన్నది అట్ట చిరిగి పేరు కూడా తెలియని ఓ పాత నవల. అందులో నీలవేణి అనే పిల్ల పుట్టిల్లు విడిచిపెట్టి, ట్రంకుపెట్టె ఒళ్లో పెట్టుకుని పడవెక్కింది. "ఏ రేవులో దింపాలమ్మా?" అని పడవవాడు అడిగాడు. సరిగ్గా అప్పుడే సైరన్ మోగింది. కింద దండలతో, మిఠాయి డబ్బాలతో మనుషులు ఎదురుచూస్తున్నారు. గణపతిరావు పేజీలో కాటన్ వేస్ట్ పోగు ఒకటి పెట్టి నిచ్చెన దిగాడు. ఆ సాయంత్రం కంచం ముందు అక్కడిదాకా చెప్పి, "రేపట్నుంచి ఇంక రోజంతా మనదే. మిగతాది రేపు" అన్నాడు.

ఆ రేపు రాలేదు.

వాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి భిలాయిలోనే రిసాలిలో సొంతింటికి మారారు. కూతురు రజనీకుమారి దుర్గ్‌లో బ్యాంకు ఉద్యోగి. తండ్రి ముచ్చట తెలిసిన పిల్ల గనుక కిటికీ పక్కన పడక్కుర్చీ వేయించింది, దీపం పెట్టించింది, పుస్తకాలకి అద్దాల బీరువా చేయించింది. వడ్డించిన విస్తరి. ఆకలే చచ్చిపోయింది. గణపతిరావు పుస్తకం తెరిచి రెండు పేజీలు తిప్పేవాడు. మూడో పేజీలో కళ్లు మూతలు పడేవి, లేదంటే చెయ్యి ఫోను మీదకి పోయేది. ఉద్యోగంలో ఉండగా ఆదివారాన్ని తిట్టుకునేవాడు. బజారనీ, గృహప్రవేశమనీ, తెలుగు సంఘం మీటింగనీ, ఊరికే చూసిపోదామని వచ్చామనే చుట్టాలనీ, ఒక్క పేజీ చదవనివ్వని ఆదివారం. ఇప్పుడు వారమంతా ఆదివారమే అయింది.

"పాపా, ఫోకస్ నహీ హో రహా హై, మనసు నిలవట్లేదు, అంతే. ఫోన్ నాకిచ్చేయండి" అంది రజని తండ్రితో, భిలాయి పిల్లల హిందీ కలిపిన తెలుగులో. ఫోను ఇచ్చేశాడు. కళ్లజోడు మార్చాడు. పొద్దున్నే లేచి చూశాడు, అగరొత్తి వెలిగించి చూశాడు. పడవవాడు అడిగిన ప్రశ్న దగ్గరే పోగు అలాగే ఉండిపోయింది.

ఓ ఆదివారం అతను బీరువా తలుపు తెరిచి పుస్తకాలన్నీ కింద పేర్చడం మొదలుపెట్టాడు.

"ఏటి సేస్తన్నారు?" అంది లక్ష్మీకుమారి.

"తెలుగు సంఘం లైబ్రరీకి ఇచ్చీస్తానే. నా బుర్ర తుప్పు పట్టీసింది. ఇంక నాకు చదువు రాదు." నవ్వుతూ అందామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు.

నిజానికి అతనికి భయం వేసింది. చదవలేకపోతే తను ఎవరు? ప్లాంటు యూనిఫాం తీసేసి ఇచ్చాడు, క్వార్టర్ తాళం ఇచ్చాడు. ఇదొక్కటే తనదనుకున్నాడు.

లక్ష్మీకుమారి వంగి ఆ అట్టలేని నవల మటుకు తీసి చీర కొంగుతో తుడిచింది. "నీలవేణి ఇంకా పడవలోనే ఉన్నాది. ఆ పిల్లని రేవు సేర్చకుండా ఇచ్చీసీదెలాగండీ?" అని, సమాధానం కోసం చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. అన్నాల దగ్గర ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటోందో గణపతిరావు ఆ రోజే గమనించాడు. పుస్తకాలు మళ్లీ బీరువా ఎక్కాయి గానీ, తాళం పడింది.

శివరాత్రి వెళ్లి ఎండలు ముదిరాయి. ఒక పొద్దున్న లక్ష్మీకుమారి బూడిదగుమ్మడికాయ వడియాలు పెట్టి, మేడ మీద పాత చీర పరిచి ఎండేసి, మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"ఇవాళ్టినుంచి మీకు డ్యూటీ. కాకులు రాకుండా మేడమీద కాపలా ఉండాల. ఇంకోమాట, పుస్తకాలు గట్రా పైకి తేవద్దు. మీరు చదువులో పడితే వడియాలు కాకుల పాలే. నేను మధ్య మధ్యన వచ్చి సూస్తాను."

గణపతిరావుకి ఒళ్లు మండింది. ప్లాంటులో ఫోర్‌మన్ బాధ వదిలింది, ఇంట్లో ఫోర్‌మన్ తయారైంది. చదవలేని మనిషికి చదవొద్దని చెప్పడం ఒకటి! అయినా ఈవిడెవరు వద్దనడానికి? ఆవిడ పెరట్లోకి వెళ్లగానే బీరువా తాళం తీసి, నవల బనీనులో దోపుకుని, ఇంటి పక్కనున్న ఇనుప మెట్లు గబగబా ఎక్కేశాడు.

నీళ్ల ట్యాంకు నీడలో చాప వేసుకుని కూర్చున్నాడు. ఓ చేతిలో కర్ర, ఓ చేతిలో పుస్తకం. ఓ కన్ను కాకుల మీద, ఓ చెవి మెట్ల మీద. పొరుగింటి పుల్లకూర రుచంటారే, అలా ఉంది ప్రతి వాక్యమూ. పడవ కదిలింది. నీలవేణి రేవు దిగింది. ఆమె ట్రంకుపెట్టె ఎవరో అందుకున్నారు. ఆ ఎవరో ఎవరో తెలిసేలోపల, కింద ఇనుప మెట్ల దగ్గర దగ్గు వినిపించింది.

గణపతిరావు చేతులు వాటంతటవే కదిలాయి. పుస్తకం వడియాల చీర మడత కింద దూరింది. లక్ష్మీకుమారి మజ్జిగ గ్లాసుతో పైకి వచ్చేసరికి కర్ర పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు.

"కాకులొచ్చేయా?"

"ఒక్కటీ రాలేదే."

ఆ సాయంత్రం అన్నం కలుపుతూ, "నీలవేణి రేవు దిగిందే" అన్నాడు, ఎక్కడ చదివాడో చెప్పకుండా. లక్ష్మీకుమారి కూడా అడగలేదు. గరిటె పక్కన పెట్టి, కంచం దగ్గరగా జరిగి కూర్చుంది.

వడియాల తర్వాత ఊరమిరపకాయలు వచ్చాయి, వాటి తర్వాత చింతపండు. డ్యూటీ తప్పలేదు, కథా తప్పలేదు. అంతా బాగుంది గానీ, గణపతిరావుకి ఒక్కటే బెంగ పట్టుకుంది. లక్ష్మీకుమారికి ఆ దగ్గు తగ్గడం లేదు. మెట్ల దగ్గరకొస్తే చాలు, దగ్గు. అన్నేళ్లు ప్లాంటు పొగ పీల్చింది కదా, తిరుమలరావులాగే దీనికీ ఊపిరితిత్తులు చెడ్డాయేమోననుకున్నాడు. ఆవిడ వద్దంటున్నా వినకుండా క్లినిక్‌కి తీసుకెళ్లాడు. డాక్టరు ఛాతీ అంతా చూసి, ఏ జబ్బూ లేదని "సబ్ ఠీక్ హై, అంకుల్" అన్నాడు. గణపతిరావు ఒప్పుకోలేదు. పట్టుబట్టి దగ్గుమందు రాయించి, రోజూ దగ్గరుండి తాగించాడు. ఆవిడ మొహం వికారంగా పెట్టి తాగేది.

మందుకీ తగ్గకపోయేసరికి అతనికి పాత ఫోర్‌మన్ గుర్తొచ్చాడు. ఆయన ఏ మందు వాడాడో కనుక్కుందామని ఓ ఆదివారం డబ్బాలో వడియాలు పెట్టించుకుని, స్కూటర్ మీద ప్లాంటు కాలనీలోని సెక్టర్ ఏడుకి వెళ్లాడు. తిరుమలరావు అక్కడ కొడుకు క్వార్టర్‌లో ఉంటున్నాడు. ముసలివాడయ్యాడు గానీ గొంతు మటుకు కంచుగంట. కాఫీ తాగారు, చచ్చినవాళ్లనీ బతికున్నవాళ్లనీ తలుచుకున్నారు. అంతసేపటిలో ఆయన ఒక్కసారీ దగ్గలేదు.

"మీ దగ్గు ఏ మందుకి తగ్గింది బాబూ? మా ఆవిడకి పట్టుకుని వదల్టం లేదు."

"నాకు దగ్గేటిరా?"

"అదే, నిచ్చెన కింద ఖళ్లుఖళ్లున..."

తిరుమలరావు అతన్ని వింతగా చూసి, పడీపడీ నవ్వాడు. "ఒరే పిచ్చోడా! సెప్పాపెట్టకుండా పైకొస్తే నిన్ను పట్టుకోవాల. పట్టుకుంటే మెమో రాయాల. లోడున్నప్పుడు నువ్వు పుస్తకం ముట్టవని కింద నిలబడి సూసి తెలుసుకున్నాను. ఖాళీలో నిద్దరోయీవోడి కన్నా చదివీవోడు నయం కాదేటి? అందుకే దగ్గి, నువ్వు సర్దుకునీదాకా ఆగి ఎక్కీవోణ్ణి."

"అన్నేళ్లూనా బాబూ?"

"అన్నేళ్లూను. గొంతు నొప్పెట్టీసీది." ఆయన వడియాల డబ్బా మూత తీసి వాసన చూశాడు. "మీ ఆవిడ నీతో అనలేదేటి? శివరాత్రికి ముందు వచ్చింది. 'ఇంట్లో ఇంత సుఖంగా ఉంటే చదవలేకపోతన్నారు, అక్కడ ఎలాగ చదివీవోరు బాబూ?' అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడు సెప్పేను ఈ సంగతి."

గణపతిరావు ఎలా లేచాడో, ఎలా సెలవు తీసుకున్నాడో అతనికే తెలియదు. సగం దారిలో స్కూటర్ పక్కకి ఆపి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచినకొద్దీ మసకబారుతూనే ఉంది. ఎంత పెద్ద దొంగననుకున్నాడు తను! అతను దొంగిలించానని మురిసిపోయిన ప్రతి గంటా ఎవరో ఒకరు కింద నిలబడి కాపలా కాసి ఇచ్చిందే. క్రేన్ కింద ఒక మనిషి, మేడ కింద ఒక మనిషి. ఏ జబ్బూ లేని ఆడమనిషికి రోజూ చేదుమందు పోశాడు. తాగిందే గానీ నోరు విప్పలేదు. ఇంత ప్రేమకి తనేం చేశాడనుకుంటూ రోడ్డు పక్కన అలాగే నిలబడిపోయాడు.

ఇంటికొచ్చి స్కూటర్ లోపల పెట్టాడు. మధ్యాహ్నం మామూలుగానే నవల బనీనులో దోపుకుని మేడ ఎక్కాడు. చింతపండు ఎండుతోంది. నీలవేణి కథ ఆఖరికి వచ్చింది. పుట్టింటి వీధి మొదట్లో నిలబడి, లోపలికి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తోంది.

కింద మెట్ల దగ్గర దగ్గు వినిపించింది.

గణపతిరావు పుస్తకం మూశాడు. ఎప్పటిలాగే చీర మడత కింద పెట్టాడు, కాకపోతే ఈసారి కంగారు పడకుండా, మెల్లగా పెట్టాడు. పైకొచ్చే మనిషి తొందరపడదని ఇప్పుడతనికి తెలుసు. లక్ష్మీకుమారి మజ్జిగ గ్లాసు అందించింది.

"కాకులొచ్చేయా?"

"రాలేదు." గ్లాసు అందుకుని ఆమె మొహంలోకి చూశాడు. "ఒసే, ఆ మందు ఇంక తాగకు. పారబోసీ."

"అదేటండీ? దగ్గు తగ్గద్దేటి?"

"తగ్గద్దు" అన్నాడు గణపతిరావు. "నేనున్నన్నాళ్లూ తగ్గద్దే."

లక్ష్మీకుమారి అతన్ని చూసింది. చీర మడత కింద నుంచి తొంగిచూస్తున్న పుస్తకం అంచుని చూసింది. వంగి, పరిచిన చీర కొంగు లాగి, ఆ అంచు కనపడకుండా కప్పింది. "కాకులు జాగర్త" అని వెనక్కి తిరిగి మెట్లు దిగింది. సగం మెట్లు దిగాక, ఏ అవసరమూ లేకపోయినా, ఇంకోసారి దగ్గింది.